గోల్ కొట్టనోడి పేరు ఎవరికి గుర్తుంటుంది? హైదరాబాద్ డిఫెండర్ అజీజ్ తొలి ఏళ్లు

పార్వతీపురంలో సాయంత్రం పూట పిల్లలు ఫుట్‌బాల్ ఆడే గ్రౌండ్ పక్కన కాసేపు నిలబడితే ఒక సంగతి తెలిసిపోతుంది. జట్లు పంచుకునేటప్పుడు అందరూ ముందు ఆడతామనే అంటారు. వెనక ఎవరు ఉండాలి అనేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరికి ఆ పని కొత్తగా హాస్టల్‌లో చేరినోడి మీదో, నోరు తెరిచి కాదనలేనోడి మీదో పడుతుంది. "నువ్వు బ్యాక్‌లో నిలబడురా" అంటారు. అంటే నీకు ఆట రాదు అని చెప్పినట్టే.

ఇంటికి వెళ్లాక కూడా అంతే. "ఎన్ని గోల్స్ కొట్టావ్?" అని అడుగుతారు అబ్బాజాన్. వెనక ఆడినోడి దగ్గర ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఒకటే జవాబు: సున్నా.

కబడ్డీలోనూ ఇదే వరస. కూతకు వెళ్లి నలుగుర్ని ముట్టుకొచ్చినోడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. మడమ పట్టుకుని ఆపినోడి పేరు మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. కొట్టు లెక్కలతో పోలిస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. వచ్చిన డబ్బు ఒక వైపు రాస్తారు, పోయిన డబ్బు ఇంకో వైపు రాస్తారు. పోవాల్సింది పోకుండా కాపాడిన డబ్బు రాయడానికి పుస్తకంలో చోటే ఉండదు. డిఫెండర్ చేసే పనంతా ఆ రాయని లెక్కలోనే ఉంటుంది.

అలాంటి పని చేసేవాడు మొదటి నాలుగైదేళ్లు ఎలా నిలబడతాడు? ఎవరు గుర్తిస్తారు? ఇంట్లో ఏమని చెప్పుకుంటాడు? దీనికి జవాబు కోసం విదేశాల దాకా పోనక్కర్లేదు. 1950లలో భారత ఫుట్‌బాల్ జట్టు వెనక వరసలో నిలబడిన ఒక హైదరాబాదీ కథ చూస్తే చాలు. ఆయన పేరు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. ఆటలో అందరూ అజీజ్ అనేవారు.

పోలీసు జట్టులో మొదలు

ఈ రోజుల్లో ప్రొఫెషనల్ ఆటగాడు అంటే క్లబ్బుతో ఒప్పందం, ఏడాదికి ఇంత అని జీతం, మధ్యలో ఏజెంట్. 1950లో మన దేశంలో అవేవీ లేవు. ఆట మీద బతకాలంటే ఏదో ఒక శాఖలో ఉద్యోగం ఉండాలి. రైల్వే, సైన్యం, పోలీసు. హైదరాబాద్‌లో ఆ పని సిటీ పోలీస్ జట్టు చేసింది. ఆటగాడి జీతం పోలీసు ఉద్యోగం నుంచి వచ్చేది. ఆటే అతని డ్యూటీ.

దీని విలువ ఎంతో డిఫెండర్ ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది. ముందు ఆడేవాడికి ఒక్క మంచి సీజన్ చాలు, పేరు వచ్చేస్తుంది. వెనక ఆడేవాడికి సమయం పడుతుంది. పక్కన ఆడే బ్యాక్‌తో, వెనకున్న గోల్‌కీపర్‌తో సంవత్సరాల తరబడి కలిసి ఆడితేనే ఎవరు ముందుకెళ్తారు, ఎవరు ఆగుతారు అన్నది మాట లేకుండా కుదురుతుంది. అన్నాళ్లు ఆగాలంటే నెల తిరిగేసరికి ఇంట్లోకి డబ్బు రావాలి. పోలీసు జీతం ఆ గడువు ఇచ్చింది.

ఫలితం కూడా కనిపించింది. ముంబైలో జరిగే రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌ను 1950లో, 1954లో గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది కలకత్తా మోహన్ బగాన్. ఆ రోజుల్లో కలకత్తా జట్టును ఓడించడం అంటే మాటలు కాదు. అజీజ్ ఎదిగింది ఈ పోలీసు జట్టు వెనక వరసలోనే. ఆయనకు కాస్త ముందు నిలబడి ఆడే హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ కూడా అదే జట్టు నుంచి భారత జట్టుకు వెళ్లారు.

చూసే కన్ను ఉన్న మాస్టారు

జీతం ఒక్కటే ఉంటే సరిపోదు. రాయని లెక్కను చదవగలిగినవాడు కూడా ఒకరు ఉండాలి. ఆ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ పేరు తెలుసు. సినిమాకు ముందే పాతబస్తీలో ఆయన్ని 'రహీం సాబ్' అనేవారు.

రహీం సాబ్ వృత్తిరీత్యా స్కూల్ మాస్టారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్, ఆ తర్వాత భారత జట్టుకూ కోచ్. 1963 జూన్‌లో కేన్సర్‌తో కన్నుమూసేదాకా ఆయన పని ఆటగాళ్లను తయారు చేయడమే.

ఆయన పద్ధతుల్లో ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. కుర్రాళ్లకు ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. అందులో అలవాటైన కాలితో బంతిని తన్నకూడదు. కుడికాలి వాటం ఉన్నోడు ఎడమ కాలితోనే ఆడాలి. చూసేవాళ్లకు నవ్వొచ్చేది. కానీ ఆ పోటీ ఎక్కువ మేలు చేసేది వెనక ఆడేవాడికే.

ఎందుకో చూడండి. ముందు ఆడేవాడు తనకు ఇష్టమైన వైపు తిరిగి, ఇష్టమైన కాలితో కొట్టొచ్చు. ఎటు వెళ్లాలో నిర్ణయించేది అతనే. డిఫెండర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎదుటివాడు ఏ వైపు వస్తే ఆ వైపే తిరగాలి, బంతి ఏ కాలి దగ్గరకు వస్తే ఆ కాలితోనే తీసేయాలి. ఒక్క కాలే తెలిసిన డిఫెండర్ ఉంటే ఎదుటివాడు పది నిమిషాల్లో కనిపెట్టి, మ్యాచ్ అయ్యేదాకా ఆ రెండో వైపునుంచే వస్తాడు.

రహీం సాబ్ ఇంకో మాట మీద పట్టుగా ఉండేవారు: బంతిని దగ్గర పెట్టుకోకు, అందిన వెంటనే పంపించు. ఒక్క టచ్‌లో పాస్. అంతకుముందు చాలా జట్లలో బ్యాక్ అంటే వచ్చిన బంతిని ఆకాశంలోకి తన్నేవాడు. హైదరాబాద్ పద్ధతిలో బ్యాక్ కూడా పాస్ ఇవ్వాలి. ఆట వెనకనుంచే మొదలవుతుంది. అంటే వెనక నిలబెట్టేది ఆట రానోణ్ణి కాదు, ఆట బాగా వచ్చినోణ్ణి.

సున్నా నుంచి పదికి

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్, రహీం సాబ్ కోచ్. ఇండొనేషియా మీద 3-0, అఫ్ఘానిస్థాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. బంగారు పతకం వచ్చింది. ఫైనల్లో గోల్ కొట్టిన మేవాలాల్ పేరు పుస్తకాల్లో ఉంది. అదే పుస్తకంలో ఉన్నా ఎవరూ చదవని అంకె ఒకటి ఉంది: 3 మ్యాచ్‌ల్లో భారత్ మీద పడిన గోల్స్ 0.

సరిగ్గా 16 నెలల తర్వాత, 1952 జులై 15న, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్స్. మన్నాతో పాటు అజీజ్ కూడా ఆ జట్టు ఫుల్ బ్యాక్. ఎదురుగా యుగోస్లావియా. మ్యాచ్ ముగిసేసరికి స్కోరు 10-1. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది.

ఒక డిఫెండర్ తొలి ఏళ్లలో ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. గోల్ కొట్టలేకపోయిన ఫార్వర్డ్ ఆ రోజు బాగాలేదు అంటాడు. 10 గోల్స్ పడితే మాత్రం అందరి కళ్లూ వెనక నిలబడినవాళ్ల మీదే. అంతకుముందు లెక్కలోకి రానివాళ్లు ఆ రోజు ఒక్కసారిగా లెక్కలోకి వచ్చారు. డిఫెండర్ పేరు బయటికి వచ్చేది తరచూ ఇలాంటి రోజునే.

కానీ ఆ 10 గోల్స్‌కు కారణాలు వెతికితే మనుషులకంటే వేరేవి కనిపిస్తాయి. మొదటిది కాళ్లు. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. మన ఎండిన నేల మీద ఉత్త కాళ్లతో ఆడినోడికి బంతి చెప్పినట్టు వింటుంది. చలి దేశంలో, తడి గడ్డి మీద కాలు జారుతుంది. జారినప్పుడు ఎక్కువ నష్టం ఎవరికి? ఫార్వర్డ్ జారితే బంతి పోతుంది, అంతే. ఎదుటివాడు తిరిగాక వెంటనే తిరగాల్సిన డిఫెండర్ అర అడుగు జారితే గోల్ పడుతుంది.

రెండోది వరస. ఆ రోజుల్లో మన జట్లు ఆడే పద్ధతిలో గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఇద్దరు బ్యాక్‌లు. వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌లు, అందరికంటే ముందు 5 మంది ఫార్వర్డ్‌లు. యూరప్ జట్లు అప్పటికే దీన్ని వదిలేసి వెనక మూడో మనిషిని పెట్టుకున్నాయి. యుగోస్లావియా మామూలు జట్టు కూడా కాదు. ఆ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లి వెండి పతకం తీసుకుంది. అలాంటి దాడిని ఇద్దరు బ్యాక్‌లతో ఆపడం అంటే రెండు చేతులతో వరదకు అడ్డం పడటమే.

ఇద్దరు, ముగ్గురు, నలుగురు

హెల్సింకీ తర్వాత రెండు మార్పులు జరిగాయి. ఒకటి, బూట్లు తప్పనిసరి అని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. రెండు, రహీం సాబ్ వెనక వరసను మార్చడం మొదలుపెట్టారు.

ఇద్దరు బ్యాక్‌ల మధ్య మూడో మనిషి వచ్చాడు. వినడానికి చిన్న మార్పే. కానీ అప్పటిదాకా ఆడిన అలవాటంతా మార్చుకోవాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఒకడు బంతి మీదకు వెళ్తే రెండోవాడు మధ్యను కాపాడేవాడు. ముగ్గురు వచ్చాక మధ్య ఒకరిది, అంచులు మిగతా ఇద్దరివి. ఫుల్ బ్యాక్ ఇప్పుడు అంచున పరుగెత్తే వింగర్‌తో సమానంగా పరుగెత్తాలి. ఇవన్నీ బూట్లు వేసుకుని, కొత్తగా నేర్చుకోవాలి.

10 గోల్స్ తిన్న జట్టులోవాళ్లను తీసి పక్కన పడేయడం తేలిక. అజీజ్ విషయంలో అలా జరగలేదు. అదే కోచ్ ఆయన్ని మళ్లీ నిలబెట్టారు. 1954లో సిటీ పోలీస్ ఐదో రోవర్స్ కప్పు, రెండో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956లో ఒలింపిక్ జట్టు మెల్‌బోర్న్ బయల్దేరినప్పుడు అజీజ్ పేరు మళ్లీ జాబితాలో ఉంది.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1952లో పార్వతీపురం మద్రాసు రాష్ట్రంలో ఉండేది, హైదరాబాద్ వేరే రాష్ట్రం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, భారత్ మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే అయింది.

డిసెంబర్ 4న సెమీఫైనల్. ఎదురుగా మళ్లీ యుగోస్లావియా. సగం ఆట అయ్యేసరికి స్కోరు 0-0. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. నాలుగేళ్ల క్రితం 10 గోల్స్ కొట్టిన దేశం 45 నిమిషాలు ప్రయత్నించి ఒక్కటీ కొట్టలేకపోయింది. విరామం తర్వాత డిసౌజా గోల్‌తో మనమే ముందుకు వెళ్లాం కూడా. ఆ తర్వాత వాళ్లు 4 గోల్స్ చేసి 4-1తో గెలిచారు. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

చరిత్రలో మిగిలింది డిసౌజా 3 గోల్స్. మిగలాల్సినదే. కానీ 10-1 నుంచి 0-0 దాకా వచ్చిన ఆ 45 నిమిషాలు ఎవరి కష్టమో ఏ రికార్డూ విడదీసి చెప్పదు.

ఆ మార్పు అక్కడితో ఆగలేదు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కు రహీం సాబ్ వెనక నలుగుర్ని నిలబెట్టే పద్ధతితో వెళ్లారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ రెండోసారి బంగారం గెలిచింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి కొట్టింది జర్నైల్ సింగ్. ఆయన అసలు డిఫెండర్. తలకు గాయమై కుట్లు పడటంతో రహీం సాబ్ ఆయన్ని ముందుకు పంపారు. వెనక ఆడేవాడికి ఆట రాదు అనేవాళ్లకు అంతకంటే జవాబు అక్కర్లేదు.

అమెరికాలో లెక్క రాస్తారు

అమెరికాలో చుట్టాలు ఉన్నవాళ్లు అక్కడి ఫుట్‌బాల్ టీవీలో చూసే ఉంటారు. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకు హెల్మెట్లు. అక్కడ దాడి చేసే 11 మంది వేరు, ఆపే 11 మంది వేరు. బంతి చేతులు మారగానే మనుషులే మారిపోతారు. అంటే డిఫెన్స్ అక్కడ పూర్తి స్థాయి వృత్తి. ఎన్నిసార్లు ఎదుటివాణ్ణి పడగొట్టాడు, ఎన్ని పాస్‌లు మధ్యలో అందుకున్నాడు అన్నీ ఒక్కొక్కటిగా రాస్తారు. జీతం మాట్లాడేటప్పుడు ఆ అంకెలు టేబుల్ మీద ఉంటాయి.

అయినా తొలి ఏళ్ల కష్టం అక్కడా తప్పదు. హుసేన్ అబ్దుల్లా అనే ఆటగాడి సంగతి చూడండి. ఆయన ఆడేది సేఫ్టీ స్థానం. అంటే అందరికంటే వెనక నిలబడి, మిగతావాళ్లు వదిలేసింది ఆపేవాడు. కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే వేలంలాంటి ప్రక్రియ 7 రౌండ్లు జరుగుతుంది. 2008లో ఆ 7 రౌండ్లలో 32 జట్లలో ఒక్కటీ ఆయన పేరు పిలవలేదు. తర్వాత మిన్నెసోటా వైకింగ్స్ అనే జట్టు ఎంపిక లేకుండానే ఒక అవకాశం ఇచ్చింది. బంతిని తన్నినప్పుడు పరుగెత్తుకెళ్లి ఎదుటివాణ్ణి పట్టుకునే పని మొదట దొరికింది. పెద్ద ఆటగాళ్లు ఇష్టపడని పని అది. దాన్ని రెండేళ్లు ఒళ్లు దాచుకోకుండా చేసి, 2010కల్లా మొదటి 11 మందిలోకి వచ్చారు. 2012లో ఒక సీజన్ ఆటంతా వదులుకుని, తనలాగే డిఫెండర్ అయిన అన్న హమ్జాతో కలిసి హజ్‌కు వెళ్లారు. వదిలేసి వెళ్లినా 2013లో కాన్సస్ సిటీ జట్టు పిలిచి మరీ తీసుకుంది. ఆయన పని అప్పటికి నాలుగేళ్ల లెక్కల్లో రాసి ఉంది.

అజీజ్ తరానికి అలాంటి లెక్క లేదు. ఎన్ని దాడులు ఆపారో ఎవరూ రాయలేదు. అర్జున అవార్డు మొదలైందే 1961లో. 1951 నుంచి 1956 వరకు ఆడినవాళ్లలో చాలామందికి అప్పటికే ఆట చివరికొచ్చింది.

తర్వాతి డిఫెండర్

1963లో రహీం సాబ్ పోయారు. హైదరాబాద్‌లో ఉద్యోగం ఇచ్చే జట్టు ఉంది, చూసే కన్ను లేకుండా పోయింది. కలకత్తా క్లబ్బులు ఇక్కడి కుర్రాళ్లను పిలవడం అంతకుముందే మొదలైంది, ఇక ఎక్కువైంది.

వాళ్లలో ఒకరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. డిఫెండర్. ఇక్కడి పోలీసు జట్టులో ఆడి, 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. అదే ఏడాది ఇక్కడినుంచి మహమ్మద్ హబీబ్ కూడా వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో నయీముద్దీన్ కెప్టెన్‌గా జపాన్‌ను 1-0తో ఓడించి భారత్ కంచు పతకం తెచ్చింది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఏషియన్ గేమ్స్ పతకం మనకు మళ్లీ రాలేదు. ఆయనకు 1970లో అర్జున, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య వచ్చాయి.

నయీముద్దీన్‌కు పేరు వచ్చింది, కానీ కలకత్తా వెళ్లాక. ఆయన వెనక వచ్చిన కుర్రాళ్లకు హైదరాబాద్‌లో దారి సన్నబడిపోయింది. 1956-57, 1957-58లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ ఆ తర్వాత దశాబ్దాలపాటు ఇటువైపు చూడలేదు. జీతం, మాస్టారు రెండూ కలిసి ఉన్నన్నాళ్లు డిఫెండర్లు తయారయ్యారు. ఒకటి పోగానే రెండోది ఒంటరిగా నిలబడలేదు.

మన ఇంటి పిల్లోడి సంగతి

పార్వతీపురం నుంచి హైదరాబాద్ రాత్రంతా రైల్లో కూర్చునే దూరం. 1950ల నాటి పోలీసు జట్టు ఇప్పుడు లేదు. అయినా కురుపాం, సాలూరు, సీతానగరం వైపు స్కూళ్లలో వెనక నిలబడి ఆడుతున్న పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఈ కథ మూడు పనులకు పనికొస్తుంది.

ఒకటి, ప్రశ్న మార్చడం. "ఎన్ని గోల్స్ కొట్టావ్?" బదులు "మీ మీద ఎన్ని పడ్డాయి? ఎలా పడ్డాయి?" అని అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లోడు ఆటంతా గుర్తు తెచ్చుకోవాలి. అలా గుర్తు తెచ్చుకునే అలవాటే డిఫెండర్‌కు సగం ఆట. రాయడం వస్తే ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. అజీజ్‌కు ఎవరూ రాయని లెక్క మీ పిల్లోడు తనే రాసుకోవచ్చు.

రెండోది, ఒక్క చెడ్డ రోజు చూసి ఆట మాన్పించకపోవడం. 5 గోల్స్ పడ్డాయని ఏడుస్తూ వచ్చినోడికి హెల్సింకీ సంగతి చెప్పండి. 10 గోల్స్ పడిన జట్టులోని బ్యాక్ నాలుగేళ్లకు ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన జట్టులో ఉన్నారని చెప్పండి.

మూడోది కాగితాల సంగతి. చదువుకు, ఉద్యోగానికి క్రీడా కోటాలో అడిగేది ఏ పోటీ, ఏ స్థాయి, జట్టుకు ఏ స్థానం వచ్చింది అన్నదే. గోల్ కొట్టినోడికి ఒక సర్టిఫికెట్, ఆపినోడికి ఇంకో సర్టిఫికెట్ ఉండవు. జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల కాగితాలు వచ్చినవి వచ్చినట్టు భద్రంగా దాచాలి. ఇంట్లోవాళ్లు లెక్కలోకి తీసుకోని ఆ ఆటకు ప్రభుత్వం దగ్గర ఫార్వర్డ్‌తో సమానమైన విలువ ఉంది.

ఇవాళ సాయంత్రం కూడా ఆ గ్రౌండ్‌లో ఎవరో ఒకరిని "నువ్వు బ్యాక్‌లో నిలబడురా" అంటారు. రహీం సాబ్ అయితే ఆ మాట జట్టులో అందరికంటే నమ్మకమైనోడికే చెప్పేవారు.